ఇరుకు వాళ్ళ మూడో పాట

1

ఒకటో అంతస్తు పెద్ద పంకా గుడ్డలు దులిపాను. పెద్దవన్నీ అయ్యాయి. చిన్నవి రేపు.

ఇక మీదట ఎవరి పని వాళ్ళే చిట్టాలో రాయాలని మా మేస్త్రి పోలయ్య చెప్పాడు. నేను మూడో తరగతిలో బడి మానేశాను. అక్షరాలు వచ్చు, ఒత్తుల దగ్గర తడుముకుంటాను. పైన కూర్చుని చదివేవాళ్ళు ఎప్పుడూ గుడ్డ ముట్టుకుని ఉండరు కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను. నేల కిందకి దిగే అంతస్తుల్లో మాదే అన్నిటికన్నా పైది కాబట్టి, ఎన్ని తలుపులు పెట్టినా బయటి దుమ్ము లోపలికి వస్తుంది. పంకా దాన్ని లాగి గుడ్డకి పట్టిస్తుంది. గుడ్డని దండెం మీద వేసి కర్రతో కొడితే కింద తొట్టిలోకి ఎర్రగా రాలుతుంది. నీళ్ళు వాడకూడదు. నీళ్ళు తాగడానికి.

పని మధ్యలో ఒకతను వచ్చాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. చొక్కా జేబు మీద పెద్ద బిళ్ళ. బిళ్ళ మీద నలుగురి ముఖాలు. అందులో ఒకటి మా నూకరత్నం.

"అమ్మా, నూకరత్నంగారి తల్లి మీరేనేటి?"

"నానే. నువ్వెవులు బావూ?"

"ఎర్నాయుణ్ణమ్మా. ఇరుకు అభిమాన సంఘం, ఒకటో అంతస్తు శాఖ, ప్రెసిడెంటుని."

దుమ్ము పడుతుంది, దూరంగా ఉండమన్నా వినలేదు. చేతులు కట్టుకుని దుమ్ములోనే నిలబడ్డాడు. కనుబొమలు ఎర్రబడిపోయాయి.

ఇరుకు అంటే ఎవరో చదివేవాళ్ళకి తెలుసో తెలియదో. పోయిన దుమ్ముకాలం ముందు నాలుగో అంతస్తులో పాటల పోటీ పెట్టారు. అన్ని అంతస్తుల బ్యాండ్లూ దిగాయి. పోటీ అయ్యాక సామాను సర్దడానికి కొందరు వెనక ఉండిపోయారు. మా పిల్ల, రెండో అంతస్తు నుంచి గిటారు వాయించే గవర్రాజు, మూడో అంతస్తు నుంచి డ్రమ్ములు వాయించే తవిటయ్య. ఇంతలో దుమ్ము ముందే లేచింది. దుమ్ము లేస్తే ఎండ పలకల నుంచి కరెంటు చాలదు. గేట్లు మూసేస్తారు, ఏ అంతస్తు గాలి ఆ అంతస్తుకే. పాటగత్తె ఫిలోమినాది నాలుగో అంతస్తే. నలుగురూ నాలుగు బ్యాండ్లలో పేరున్నవాళ్ళు. వేరే పని లేక కలిసి వాయించారు. ఇరుకు అని పేరు పెట్టుకున్నారు. మూడు పాటలు చేశారు. గేట్లు తెరిచిన రోజు మా పిల్ల మొదటి లిఫ్టు ఎక్కింది. దాని తాడు తెగింది. నేను పైన నిలబడి ఉన్నాను.

ఆ దుమ్ముకాలమంతా దాన్ని నేను చూడలేదు. ఆ తర్వాత ఇంక లేదు.

ఎర్నాయుడు వచ్చిన పని ఇది.

"శబ్దాల కొట్టులో మూడు పాటలూ శాశ్వతంగా దాస్తారటమ్మా. మూడోదాన్నయితే పొద్దున్న జనాన్ని లేపే పాటగా అన్ని అంతస్తుల్లోనూ ఏద్దావని ఆఫీసోళ్ళు అనుకుంటన్నారు."

"మంచిదే కదేటి."

"మంచిదేనమ్మా. కాపోతే..." బిళ్ళని గిరగిరా తిప్పుతున్నాడు. "అమ్మాయిగారి బేసు కూసింత శ్రుతి తప్పినాది. మూడు పాటల్లోనూ. రెండో అంతస్తోళ్ళు మనల్ని ఏడిపించుకు తింటన్నారు. మిషను సరిచేస్తాదమ్మా. మీరు బొటనేలు ఏస్తే సాలు."

బేసు అంటే లావు తీగల గిటారు. మా పిల్ల వాయించేది అదే.

"సరిచేస్తే అది వాయించినది ఉంటాదా?"

"శబ్దం అచ్చం అలగే ఉంటాదమ్మా. వాయించేది మిషను."

"మరి పాతది?"

"ఒక పాటకి ఒక్క కాపీకే సోటమ్మా." తల ఎత్తలేదు.

ఇతను చెడ్డవాడు కాడు. మా పిల్లని ఎవరో నవ్వుతున్నారని బాధపడుతున్నాడు. నేను వేలు వేస్తాననీ అనలేదు, వెయ్యననీ అనలేదు. ముందు నాకు ఒకటి చెప్పమన్నాను. ఆ రోజుల్లో అది ఏం తినేది, ఎక్కడ పడుకునేది, ఎవరితో నవ్వేది. ఎర్నాయుడు బిత్తరపోయాడు. గవర్రాజు గిటారుకి ఏ తీగలు వేస్తాడో చెప్పాడు. తవిటయ్య ఇప్పుడు డ్రమ్ములు మానేసి పైపుల పనిలో చేరాడని, ఎవరు వెళ్ళినా మాట్లాడడని చెప్పాడు. నేను అడిగింది మాత్రం అతనికి తెలియదు.

"రేపు మెస్సులో మీటింగుందమ్మా. రెండో అంతస్తోళ్ళూ వస్తన్నారు. ఆళ్ళకేటైనా తెలుస్తాదేమో, రండి."

(మేస్త్రి రాత: పని మాత్రమే రాయాలి.)

2

చిన్న గుడ్డలు సగం అయ్యాయి. మీటింగుకి వెళ్ళాను.

నాకు ఇలాంటివి తెలియవు. మూలన కూర్చున్నాను. రెండో అంతస్తు శాఖ ప్రెసిడెంటు జగదాంబ అని ఒకావిడ. వాళ్ళ మెస్సులో వంట చేస్తుంది, నాకంటే కొంచెం చిన్నది. చేతిలో గరిటె ఉన్నట్టే చెయ్యి తిప్పుతూ మాట్లాడుతుంది.

"నలుగురు గేటు పడిపోయి ఉండిపోతే బ్యాండయిపోద్దేటి? మా మెస్సులో పదిమందిమి ఉండిపోనాం. మావూ బ్యాండేనా?"

"మీ మెస్సు కూర శబ్దం మావూ ఇన్నాం లెండి. ఉడకని దుంపలు పళ్ళెంలో దొర్లుతుంటాయి," అని ఎర్నాయుడు పక్కనున్నవాళ్ళు.

"ఒరే నాయుడూ! మా గవర్రాజు తీగ మీటినాడంటే మీ ఒకటో అంతస్తు గోడలు అదురుతాయిరా."

"అదరక ఏటి సేస్తాయి? ఇంకొకడికి సందిస్తే కదా ఆడు."

"సందిస్తే మీ బేసు వినపడిపోద్దని భయం మరి!"

అందరూ గొల్లుమన్నారు. నాకు కోపం రాలేదు. వింతగా ఉంది. మా పిల్ల గురించి ఇంతమందికి ఇంత పట్టింపు ఉందని నాకు తెలియదు. ఇంట్లో ఉన్నప్పుడు దాని గిటారు తలుపు వెనక వేలాడేది, తలుపు తీసినప్పుడల్లా నా భుజానికి తగిలేది. అది తగలకుండా తలుపు తీయడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. గిటారు అక్కడ లేకపోయినా పక్కకి ఒదిగే వెళ్తాను.

సరిచేసే సంగతి వచ్చింది. మేం ఒప్పుకోం అంది జగదాంబ.

"వంకర బేసుని వంకరగానే ఉంచండి. అలాంటిదాన్ని పక్కనెట్టుకుని మా గవర్రాజు పాటని ఎలగ మోసినాడో జనం ఇనాల!"

అంటే మా పిల్లని ఇష్టపడేవాళ్ళు దాని వాయింపు తీసేయమంటున్నారు. ఎగతాళి చేసేవాళ్ళు ఉంచమంటున్నారు. ఎవరి పక్క నిలబడాలో తెలియక పళ్ళెం గీతలు చూస్తూ కూర్చున్నాను.

వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు. "అసలు మొదటి లిఫ్టు ఎక్కినాదెవులు? ముగ్గురూ ఉండిపోతే ఒక్కర్తీ పోనాది. ఆళ్ళకి పడక పోనాది. బ్యాండుని ఇరగ్గొట్టినాది ఆ గుంటే!"

తలలన్నీ నా వైపు తిరిగాయి. ఎవరు మూలన కూర్చున్నారో అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి.

"ఆగిపోనారేటి? సెప్పండి," అన్నాను. "ఎవులితో పడలేదు?"

నిజంగానే తెలుసుకుందామని అడిగాను. వాళ్ళు నేను దెప్పుతున్నాననుకున్నారు.

జగదాంబ లేచి వచ్చి పక్కన కూర్చుంది. కొంగు ముడి విప్పి వేరుశనగ ఉండ సగం విరిచి నాకు పెట్టింది.

"అప్పా, మనసులో ఎట్టుకోకు. మావిలగే అరుసుకుంటాం."

"అరుసుకోండి. ఇనడానికే వచ్చినాను. అదక్కడ ఎక్కడుండేదో నీకేటైనా తెలుసా?"

"నాలుగో అంతస్తు పెద్ద పంకా కింద రేకుల గది ఉందట. ఆ హోరుకి ఎవులూ ఉండనేక వీళ్ళకిచ్చినారట. అక్కడే వాయింపు, అక్కడే పడక. అంతకన్నా ఫిలోమినాని అడగాల."

తర్వాత పాట పెట్టారు. మొదటి పాట. ఇన్నాళ్ళూ నేను ఈ పాటలు వినలేదు. ఎవరైనా పెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి లేవలేదు. ఫిలోమినా గొంతు బాగుంది, గరుకుగా ఉంది. గిటారు ఈల వేసినట్టు పోతోంది. కింద నుంచి లావుగా మా పిల్లది వస్తోంది. అది వాళ్ళతో కలవలేదు. ఏమీ తెలియని నాకే తెలిసిపోయింది. కొలత తప్పి కుట్టిన జాకెట్టులా ఉంది. తల దించుకున్నాను.

(మేస్త్రి రాత: మిగతా చిన్న గుడ్డలు ఏవి?)

3

మిగతా చిన్న గుడ్డలు అయ్యాయి.

నాలుగో అంతస్తుకి వెళ్ళడానికి సెలవు అడిగాను. పోలయ్య ముఖం ముడుచుకున్నాడు.

"పాటల కోసం సెలవేటి పైడమ్మా? పై ఆఫీసులో నన్ను నవ్వుతారు."

"పాటల కోసం కాదు. ఒకావిణ్ణి అడగాల్సిందుంది."

పెట్టె తెరిచి కొత్త గుడ్డల కట్ట నా చేతిలో పెట్టాడు. "నాలుగో అంతస్తుకి ఇవి పోవాల. నువ్వు పట్టుకెళ్ళు. అది సెలవు కాదు, పని. బేగి వచ్చీ."

ఎర్నాయుడు తోడు వస్తానన్నాడు. దారిలో రెండో అంతస్తు దగ్గర జగదాంబ కూడా ఎక్కుతానంది. అభిమానులు ఇద్దరూ ఫిలోమినా ముందు ఒకరి తప్పు ఒకరు నిరూపించుకోవాలి కదా.

లిఫ్టు దగ్గర నా కాళ్ళు రాలేదు. కొత్త తాడు, కొత్త బోను, అంతా మార్చారు. అయినా రాలేదు. ఎర్నాయుడు గుడ్డల కట్ట నా చేతిలోంచి తీసుకుని ముందు తను ఎక్కి నిలబడ్డాడు. నేను కట్ట వెనకాల వెళ్ళినట్టు వెళ్ళాను. తలుపు పడింది. నేల జారినట్టయింది. కళ్ళు మూసుకున్నాను. రెండో అంతస్తులో జగదాంబ ఎక్కింది, ఎక్కుతూనే మొదలుపెట్టింది.

"ఏటి నాయుడూ, ఆ బిళ్ళ మీద గవర్రాజు ముఖం అంత సిన్నగా ఏసినారేటి?"

"అందరివీ ఒక్కలాగే ఉన్నాయి గదా."

"ఏదీ? ఫిలోమినా సెవే ఉన్నాది మా గవర్రాజు ముఖమంత!"

కిందికి వెళ్ళేదాకా ఆ బిళ్ళ మీదే కొట్టుకున్నారు. వాళ్ళ అరుపుల్లో తాడు చప్పుడు వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి తలుపు తీసి ఉంది.

4

నాలుగో అంతస్తుకి గుడ్డలు అప్పగించాను. ఇక్కడి దండేలు మావాటి కన్నా పొడుగు.

ఫిలోమినాకి ముప్ఫై ఉంటాయి. పాటగత్తె అంటే ఎలా ఉంటుందో అనుకున్నాను. చీపురు పట్టుకుని ఉంది. నన్ను చూసి చీపురు పడేసి రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత పుట్టగొడుగుల పులుసు పెట్టింది.

"ఇదే తినేదా?"

"ఇదా? మూతి ఇలగ పెట్టీది." ఫిలోమినా మూతి తిప్పి చూపించింది. మా పిల్ల మూతే. "ఉప్పు నేదు, కారం నేదు, మా అంతస్తోళ్ళకి నాలికే నేదని తిట్టీది. తిడతానే రెండు పళ్ళేలు తినీది. పులుసు ముక్కులో పోయి దగ్గితే తవిటయ్య ఈపు మీద డ్రమ్ము వాయించీవోడు."

"పడుకునేదెక్కడ?"

"పాత గుడ్డల కుప్ప మీద. మా అమ్మ వాసన వస్తన్నాదని నవ్వీది."

ఇది వింటే నేను ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. ఇంకా చెప్పమన్నాను. దేనికి నవ్వేది, జుట్టు కత్తిరించుకుందా, చలికి ఏం కప్పుకునేది. అన్నీ అడిగాను. ఫిలోమినా విసుక్కోకుండా చెప్పింది. ఎవరితో పడలేదు అని కూడా అడిగాను. అందరితోనూ పడేది కాదట, అందరూ రోజుకోసారి తిట్టుకునేవారట, తిట్టుకోడానికి బయటికి పోయే చోటు లేక మళ్ళీ వాయించేవారట.

ఎర్నాయుడికి ఓపిక పోయింది. తను వచ్చిన పని చెప్పాడు, శ్రుతి సంగతి. ఫిలోమినా అర్థం కానట్టు చూసింది.

"నూకరత్నం శ్రుతి తప్పినాదా? ఎవులన్నారు?"

"ఎవులనేదేటక్కా, సెవులున్నోళ్ళందరూ అన్నారు," అంది జగదాంబ.

"మా అంతస్తులో ఒక్కరూ అన్నేదు."

"మీ అంతస్తోళ్ళకి పంకా హోరుకి సెవులు పోయాయని పైన అందరికీ తెలిసిందే గదా!"

ఫిలోమినాకి రోషం వచ్చింది. వాయించిన చోటే పెట్టి వినిపించమంది. రేకుల గదికి వెళ్ళాం. నెత్తి మీదే నాలుగో అంతస్తు పెద్ద పంకా. గది ఖాళీగా ఉంది. కొత్త గుడ్డల కట్టలు పేర్చి ఉన్నాయి. ఎర్నాయుడు జేబులోంచి పాటల డబ్బా తీసి నేల మీద పెట్టి నొక్కాడు. మెస్సులో విన్న అదే మొదటి పాట.

మా పిల్ల బేసు వచ్చింది. కలిసింది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. పంకా హోరు మీద అది వచ్చి కూర్చుంది. దాని మీద గిటారు, దాని మీద ఫిలోమినా గొంతు. రేకులు కూడా పాడుతున్నట్టుంది. ఎర్నాయుడు డబ్బా ఆపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆపి అంతస్తు గేటు అవతలికి, ఆ హోరు అందని చోటికి తీసుకెళ్ళి పెట్టాడు. అక్కడ తప్పింది. లోపలికి తెచ్చాడు. కలిసింది. జగదాంబ కట్టల మీద కూలబడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. నాకు అర్థమైనంత రాస్తాను. మన రికార్డర్లన్నీ పంకా హోరుని వాటంతట అవే తీసేస్తాయి. ఎప్పటి నుంచో అంతే. మన పంకాల కింద పుట్టి పెరిగాం కాబట్టి ఆ హోరు ఉందని మనకి గుర్తే ఉండదు. ఈ నలుగురూ దాన్ని తప్పించుకోలేక దానితోనే శ్రుతి కలుపుకున్నారు. రికార్డరు హోరు తీసేసి తక్కినవి ఉంచింది. గిటారూ గొంతూ హోరు లేకపోయినా ఎలాగో నిలబడ్డాయి. హోరుకి అందరికన్నా దగ్గరగా ఉన్నది మా పిల్లదే. కింద పీట లాగేసినట్టయింది దానికి. ఒక్కో అంతస్తు పంకాది ఒక్కో హోరు కాబట్టి పై అంతస్తుల్లో ఎక్కడ పెట్టినా కలవదు. నాలుగో అంతస్తులో ఎక్కడ పెట్టినా కలుస్తుంది. అందుకే వీళ్ళు ఒక్కరూ అనలేదు.

"మరి మీకైనా తెలీనేదేటక్కా, మీ పంకా హోరుతో కలిపినారని?" అన్నాడు ఎర్నాయుడు.

"కలిపినామని ఎవులనుకున్నారు? నూకరత్నం తీగ తిప్పుతా ఉండీది. బాగుందనిపించినప్పుడు ఆపీది. అంతే."

ఎర్నాయుడి కళ్ళలో నీళ్ళు. జగదాంబ నా కాళ్ళ దగ్గర కూర్చుని, "వంకర అన్నాను గదప్పా, నా నోరు పడిపోను," అంది. నేను లేపాను. రెండో పాట పెట్టారు. అదీ కలిసింది. ఆ సంబరంలో మూడోది కూడా పెట్టారు.

శ్రుతి కలిసింది. కానీ పాట పరిగెడుతోంది. బేసు ముందు పోతోంది, పాట దాని వెనక పడుతోంది. ఎవరో చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నట్టు. పాట చివరికి వచ్చేసరికి ఫిలోమినా మాటలు మింగేస్తోంది.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దీనికి హోరు కారణం కాదు. ఇది తప్పే.

"ఆ రోజేటయిందే?" అని అడిగాను.

"రేపు గేట్లు తీస్తారని సెప్పినారమ్మా. బయట లిఫ్టు ఎక్కడానికి సీటీలు పంచుతన్నారు. గవర్రాజుతో పొద్దున్న తగువు పడినాది. అన్నం కూడా తిన్నేదు." ఫిలోమినా ఆగింది. "ఏటికి తొందర పడినాదో నానడగనేదమ్మా. ఇంకా రోజులున్నాయనుకున్నాను."

వచ్చేటప్పుడు లిఫ్టులో ఎర్నాయుడు మెల్లగా అన్నాడు. "అమ్మా, మొదటి రెండూ హోరు కలిపి దాయిద్దాం. మిషను అక్కర్లేదు. మూడోది మాత్రం సరిచేయిద్దామమ్మా. పొద్దున్న అందరూ ఇనే పాట. అలగ పరిగెడితే జనం నవ్వుతారు. ఆఫీసోళ్ళు తీసుకోరు."

జగదాంబ ఈసారి అతని మాట కాదనలేదు.

5

పెద్ద గుడ్డలు సగం. చిన్నవి ముట్టుకోలేదు.

ఎర్నాయుడు పాటల డబ్బా నా దగ్గర వదిలి వెళ్ళాడు. దండెం పక్కన పెట్టుకుని మూడో పాట మళ్ళీ మళ్ళీ విన్నాను. మా అంతస్తులో శ్రుతి కలవదు. అయినా విన్నాను. కర్ర దెబ్బ పాటతో పడుతోంది, చెయ్యి నొప్పెట్టి ఆపాను. అంత వేగం.

మొదటి రెండు పాటల్లో ఎవరో బాగా వాయిస్తున్నారు. ఆ మనిషి నాకు తెలియదు. మంచి వాయిద్యగత్తె, అంతే. మూడోదాంట్లో ఉన్నది నాకు తెలుసు. అన్నం కంచం ముందు పెట్టకముందే చెయ్యి కడిగేసుకునేది. బడికి నా ముందు నడిచి మలుపు దగ్గర కనపడకుండా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, "బేగి రాయేటి!" అని అరిచేది. పుట్టడం కూడా మంత్రసాని చేతులు కడుక్కునే లోపే పుట్టేసింది. దాని తొందరకి కారణం ఉండదు. తగువు పడిందనో, లిఫ్టు చీటీ కోసమనో, నా కోసమనో, ఆకలనో అనుకోవచ్చు. నా కోసమే అనుకుంటే నాకు బాగుంటుంది. కానీ తెలియదు. తెలియనిది రాయను.

ఇంకొకటి కనిపెట్టాను. నాకు వాయిద్యాలు తెలియవు, ఒక్కోదాన్నీ విడిగా వినాలని ప్రయత్నించాను. డ్రమ్ములు విన్నాను. తవిటయ్య ఆపొచ్చు కదా. తాళం వాడిది. వాడు తన తాళం తను వేస్తే బేసు దారికొచ్చేది, లేకపోతే తప్పు బేసొక్కదాని మీదే పడేది. వాడు ఆపలేదు. మొదట్లో కొంచెం తడబడ్డాడు. తర్వాత దాని పక్కకి వచ్చేశాడు. చివరిదాకా పక్కనే ఉన్నాడు.

(మేస్త్రి రాత: చిన్నవి రేపు అవ్వాలి. మూడో పాట నేనూ విన్నాను.)

6

గుడ్డలన్నీ అయ్యాయి.

పెద్ద గేటు దగ్గర నాలుగు శాఖలూ కలిసి మీటింగు పెట్టాయి. శబ్దాల కొట్టు నుంచి ఒక ఆఫీసరు పలక పట్టుకుని వచ్చింది, నా వేలి కోసం. హోరు సంగతి అప్పటికే అన్ని అంతస్తులకీ పాకిపోయింది. నన్ను చూసి జనం లేచి నిలబడ్డారు. ఈలలు వేశారు. నూకరత్నం పేరు అరిచారు. నాకు సిగ్గేసింది.

మొదటి రెండు పాటలకీ హోరు తిరిగి కలపడానికి వేలు వేశాను. ఈలలు మళ్ళీ. మూడోదానికి ఆఫీసరు పలక తిప్పింది. "ఇది సరిచేయడానికి."

"అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు దాయండి."

"అలా అయితే పొద్దుటి పాటగా వెయ్యలేమమ్మా. రెండోదాన్ని వేస్తాం. మూడోది కొట్టులో ఉంటుంది, అడిగినవాళ్ళకి వినిపిస్తాం. అంతే."

ఎర్నాయుడు ముందుకు వచ్చాడు. "అమ్మా, ఆలోసించండి. మూడోదే గొప్ప పాటమ్మా. రోజూ పొద్దున్న అన్ని అంతస్తుల్లోనూ అమ్మాయిగారి..."

"అమ్మాయిగారిది కాదు కదా నాయనా. మిషనుది."

జనంలో గొణుగుడు మొదలైంది. మూడోదాన్ని ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, రోజూ వినే యోగం పోయింది వాళ్ళకి. కొందరు నా మీద కోప్పడ్డారు కూడా. నాకూ బాధగానే ఉంది. దాని పాటతో అందరూ నిద్రలేస్తే బాగుండేది. కానీ వేలు వెయ్యలేదు. ఆఫీసరు పలక మూసేసింది.

గొడవ చల్లార్చడానికి కాబోలు ఎర్నాయుడు బల్ల ఎక్కి అరిచాడు. "ఒక్కటి మాత్రం తేలిపోనాది! ఇరుకు అంటే నూకరత్నం! నూకరత్నమే ఇరుకు!"

"నూకరత్నం!" అని జనం. జగదాంబ కూడా. తన గవర్రాజుని వదిలేసి మరీ అరిచింది.

"కాదు," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఎర్నాయుడి పంట్లాం పట్టి లాగాను. "కాదు నాయనా. తవిటయ్య."

"ఏటమ్మా?"

"ఇరుకులో గొప్పోడు తవిటయ్య. మీరెవులూ ఆ గుంటడి పేరే ఎత్తరు."

"ఓలమ్మో!" అంది జగదాంబ. "సొంత కూతుర్ని ఒగ్గేసి తవిటయ్యంటాదేటి ఈ అప్ప!"

"మూడో పాట ఇనండి. అది పరిగెట్టినాది. గవర్రాజు ఎనక పడిపోనాడు. ఫిలోమినా మాటలు మింగేసినాది. ఆడొక్కడే పక్కన పరిగెట్టినాడు. ఆడే నేకపోతే ఆ పాట ముక్కలయిపోను."

"మా గవర్రాజు ఎనకపడ్డాడా? ఏదీ, ఎక్కడ?" జగదాంబ తన అభిమానం మళ్ళీ తెచ్చేసుకుంది. మూడో అంతస్తు వాళ్ళు ఎప్పుడూ వెనక బెంచీల్లో నోరెత్తకుండా కూర్చునేవాళ్ళు. వాళ్ళు లేచి ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. నాలుగో అంతస్తు వాళ్ళు ఫిలోమినా మాట మింగలేదన్నారు. ఇంక ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. నేనూ అరిచాను. ఇంత గట్టిగా అరిచి ఎన్నాళ్ళయిందో. గొంతు పోయింది.

7

ఈ రోజు పని ఇంకా మొదలుపెట్టలేదు. ముందే రాస్తున్నాను.

పొద్దున్నే తలుపు కొట్టారు. ఎర్నాయుడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నమస్కారం కూడా పెట్టలేదు.

"మీరు తప్పమ్మా."

"ఏటి తప్పు?"

"మూడో పాట మళ్ళీ మళ్ళీ ఇన్నాను. మీరన్నది నిజమే, తవిటయ్య పక్కనే పోనాడు. కానీ మధ్యలో ఒక్క సోట ఆడు పడిపోనాడు. డ్రమ్ము తప్పినాది. అక్కడ అమ్మాయిగారేటి సేసినారో ఇన్నారా?"

విన్నాను అనబోయాను. వినలేదు. లోపలికి రమ్మన్నాను. డబ్బా బల్ల మీద పెట్టి నొక్కాడు. వేలు ఎత్తి పట్టుకున్నాడు, ఆ చోటు వస్తే దించుతానని. బేసు పోతోంది, పోతోంది, డ్రమ్ములు పక్కనే పోతున్నాయి. వేలు దించాడు.

నాకు తెలియలేదు. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ వేలు దించాడు.

మూడోసారికి విన్నాను. డ్రమ్ము ఒక్క దెబ్బ తప్పింది. మా పిల్ల అదే తీగ మీద ఉండిపోయింది. ముందుకి పోలేదు. రెప్పపాటు. వాడు అందుకున్నాక మళ్ళీ లంకించుకుంది.

ఆగింది. పుట్టిన దగ్గర నుంచి ఎవరి కోసమూ ఆగని పిల్ల ఆగింది. ఎవరు నేర్పారు? గేట్లు మూసి ఉన్న ఆ రోజుల్లో ఎప్పుడు నేర్చుకుంది? నేను చూడని మా పిల్ల ఇంకా ఎంత ఉందో ఆ మూడు పాటల్లో.

"ఇప్పుడు సెప్పండి," అన్నాడు ఎర్నాయుడు. "నూకరత్నమా, తవిటయ్యా?"

ముఖం తుడుచుకున్నాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఒక్కసారి ఆగితే గొప్పేటి? ఆడు పాటంతా పరిగెట్టినాడు. కూకో. మొదట్నించి పెట్టు."